యూఎక్స్ డిజైన్‌లోకి ఏ దారిన రావాలి? గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ పిల్లలకి నా సలహా

ప్రతి ఏడూ ఫైనలియర్ పరీక్షలు దగ్గరకొచ్చేసరికి యూఎక్స్ డిజైనర్‌గా పనిచేస్తున్న నాకు మన ఒడిశా-ఆంధ్రా సరిహద్దు వైపు నుంచి ఫోన్లు మొదలవుతాయి. గుణుపురం నుంచి ఒకరు, రాయగడ నుంచి ఇద్దరు, బరంపురం హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మన తెలుగు పిల్లలు నలుగురైదుగురు, మా పర్లాకిమిడి నుంచైతే ఇంక చెప్పక్కర్లేదు. అందరి ప్రశ్నా ఒక్కటే, అన్నయ్యా యూఎక్స్ డిజైన్ నేర్చుకోవాలంటే ఏ కోర్సులో చేరాలి అని. యూఎక్స్ అంటే యూజర్ ఎక్స్‌పీరియన్స్, యాప్ గానీ వెబ్‌సైట్ గానీ వాడేవాళ్ళకి సులువుగా ఉండేలా చేసే పని.

మొన్న గుణుపురం నుంచి ఒక చెల్లి చేసింది. బీటెక్ కంప్యూటర్స్ ఆఖరి ఏడు, కాగితం మీద నాలుగు దారులు రాసుకుని కూర్చుంది: ఒక ఏడాది ప్రిపేరై ఎమ్‌డెస్‌లో (డిజైన్‌లో పీజీ) చేరడం, హైదరాబాద్ వెళ్ళి బూట్‌క్యాంప్ (కొన్ని నెలల్లో నేర్పేసే ప్రైవేటు కోర్సు) చెయ్యడం, ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్లో నేర్చుకోవడం, లేదా క్యాంపస్‌లో వచ్చిన, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే టెస్టింగ్ జాబ్‌లో చేరిపోయి తర్వాత మెల్లగా మారడం. ఆ అమ్మాయితో గంటన్నర మాట్లాడాను, అదే మిగతా వాళ్ళకి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తన్నా.

నా లెక్క ఏంటంటే కోర్సు పేరు చూసి ఎంచుకోకూడదు. రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ దారిలో వెళ్తే నేను చేసిన పనిని పక్కన కూర్చుని చూసి ఇదిగో ఇక్కడ తప్పు అని చెప్పేవాళ్ళు ఎవరు? ఈ దారిలో నేను గీసింది నిజంగా వాడే మనుషుల చేతుల్లో పెట్టేది ఎన్నాళ్ళకి? ఈ రెండిటికీ తొందరగా, మీ ఇంట్లో వాళ్ళు భరించగలిగే ఖర్చుతో జవాబు దొరికే దారే మీ దారి. పక్కింటి అబ్బాయికి కుదిరింది మీకు కుదరాలని లేదు.

చాలామందికి యూఎక్స్ అంటే అందమైన స్క్రీన్లు గియ్యడం అని ఉంటుంది, అందుకే ఆ నాలుగు దారుల్లోకి వెళ్ళేముందు పని ఏంటో కొంచెం చెప్పాలి. మా పిన్ని సంగతి చెప్తా. పర్లాకిమిడిలోనే పుట్టి పెరిగింది, ఇంట్లో మాట్లాడేదంతా తెలుగే, కానీ చదువుకున్నది ఒడియా మీడియం, తెలుగు అక్షరాలు చదవలేదు. ఒక యాప్‌లో భాష తెలుగు అని పెడితే ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒడియా పెడితే చదవగలదు గానీ అందులో వాడిన పుస్తకాల మాటలు సగం తెలీవు, చివరికి ఇంగ్లీష్ పెట్టేసుకుని పచ్చ బటన్ నొక్కాలి తర్వాత కింద నీలం బటన్ నొక్కాలి అని గుర్తుపెట్టుకుని వాడుతోంది, బటన్ రంగు మారిస్తే ఆవిడ పని అక్కడితో ఆగిపోద్ది. ఆవిడకి కావాల్సింది తెలుగు మాట చెవికి, ఒడియా అక్షరం కంటికి. ఊరి పిన్‌కోడ్ చూసి భాష నిర్ణయించేసే డిజైనర్‌కి ఇలాంటి మనిషి ఉంటుందని తట్టను కూడా తట్టదు. మనకి తెలుసు, ఎందుకంటే మన వీధిలో సగం మంది ఇలాంటి వాళ్ళే.

ఇంకోటి, పేర్లు. తెలుగు వాళ్ళం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా వాళ్ళు చివర రాస్తారు. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు పెట్టేస్తారు, మనవాళ్ళు ఒకచోట ఇంటిపేరు మొదటి గడిలో, ఇంకోచోట రెండో గడిలో రాస్తారు, పదేళ్ళ తర్వాత ఆధార్‌కీ పాన్‌కీ పేరు కలవలేదని జన సేవా కేంద్రం చుట్టూ తిరుగుతారు. తప్పు రాసినవాళ్ళది కాదు, ఆ రెండు గళ్ళది. అలాంటి గళ్ళు ఎందుకు పెట్టాలి, పెడితే ఏం అడగాలి, తప్పు పడితే సులువుగా ఎలా సరిచేసుకోవాలి అని ఆలోచించి, మనుషుల మీద పరీక్షించి, మార్చడమే యూఎక్స్ పని. స్క్రీన్ గియ్యడం అందులో ఒక భాగం, అంతే. యూజర్ ఎక్స్‌పీరియన్స్ అన్న మాట 1990ల్లో యాపిల్‌లో పనిచేసిన డాన్ నార్మన్ వల్ల వాడుకలోకి వచ్చింది, ఆయన కూడా స్క్రీన్ ఒక్కటే అనలేదు, వస్తువుతో మనిషికి మొదటి నుంచి చివరి దాకా ఎదురయ్యే మొత్తం అనుభవం అన్నాడు.

మన ఊరి వాళ్ళకి నేను ఎప్పుడూ గిడుగు రామమూర్తి పంతులు గారి పేరు చెప్తా. తెలుగు భాషా దినోత్సవం ఆగస్టు 29న ఎందుకు చేస్తారో అందరికీ తెలుసు, 1863లో ఆయన పుట్టిన రోజు, కానీ ఆయన మాస్టారుగా పనిచేసిన ఊరు మన పర్లాకిమిడి అని ఇప్పటి పిల్లలకి చాలామందికి తెలీదు. మన కొండల్లో ఉండే సవర గిరిజనులకి చదువు చెప్పాలనుకున్నారు, వాళ్ళ భాష రాకుండా ఎలా చెప్తాం అని తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకుని క్వినైన్ వేసుకుని వినికిడి కూడా పోగొట్టుకున్నారు. జనం మాట్లాడే మాటే పుస్తకాల్లో ఉండాలని జీవితమంతా కొట్లాడారు. వాడే మనిషి దగ్గరికి వెళ్ళి, వాడి మాట నేర్చుకుని, వాడికి పనికొచ్చేలా తయారుచెయ్యడం, దీన్నే ఇప్పుడు మేం యూజర్ రీసెర్చ్ అంటన్నాం. మనకి ఆ వారసత్వం ఊళ్ళోనే ఉంది.

సరే, దారుల్లోకి వద్దాం.

ఎమ్‌డెస్. నా లెక్కలో మొదటి ప్రశ్నకి దీనంత గట్టి జవాబు ఇంకో దారిలో లేదు. ఐఐటీ బాంబేలో డిజైన్ విభాగం 1969 నుంచి ఉంది, అహ్మదాబాద్ ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) 1961 నుంచి ఉంది, ఇప్పుడు గువాహటి, హైదరాబాద్, ఢిల్లీ, కాన్పూర్ ఐఐటీల్లో కూడా ఎమ్‌డెస్ ఉంది. ఐఐటీల్లో చేరాలంటే సీడ్ (CEED) అనే ప్రవేశ పరీక్ష రాయాలి, దాన్ని ఐఐటీ బాంబే నిర్వహిస్తుంది, మామూలుగా జనవరిలో ఉంటుంది. ఇంటర్ తర్వాత కనీసం మూడేళ్ళ డిగ్రీ చాలు, ఏ సబ్జెక్టైనా పర్లేదు, ఆఖరి ఏడు చదువుతున్న వాళ్ళూ రాయొచ్చు, వయసు లిమిట్ లేదు, ఎన్నిసార్లైనా రాయొచ్చు, కానీ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. పరీక్షలో మొదటి భాగం కంప్యూటర్ మీద, రెండో భాగం కాగితం మీద చేత్తో గియ్యాలి రాయాలి, ఆ తర్వాత ఏ ఐఐటీకి ఆ ఐఐటీకి విడిగా అప్లై చేసుకోవాలి, వాళ్ళు మళ్ళీ పోర్ట్‌ఫోలియో (మీరు చేసిన పనులన్నీ ఒకచోట పెట్టి చూపించేది), ఇంటర్వ్యూ అంటారు. ఎన్ఐడీకి పరీక్ష వేరే.

ఇక్కడ మనవాళ్ళు భయపడేది బొమ్మలు రావు అని. గొప్పగా గియ్యక్కర్లేదు, ఒక మనిషి బావిలో నీళ్ళు తోడుతున్నాడంటే చూసినవాడికి అర్థమయ్యేలా గీస్తే చాలు, రోజుకి గంట చొప్పున ఆరు నెలలు గీస్తే ఆ మాత్రం ఎవరికైనా వస్తుంది. కష్టమల్లా గమనించడంలో ఉంది. బస్టాండ్‌లో మనుషులు ఎక్కడ నిలబడతారు, చేతిలో సంచి ఉంటే టికెట్ డబ్బులు ఎలా తీస్తారు, ఇలాంటివి చూసే అలవాటు ఉన్నవాళ్ళకి ఈ పరీక్ష బాగా కుదురుతుంది. లోటు ఏంటంటే ప్రిపరేషన్‌తో కలిపి మూడేళ్ళు సంపాదన ఉండదు, సీట్లు తక్కువ. ఇంట్లో మీ జీతం కోసం ఎదురుచూస్తుంటే ఈ దారి ఇప్పుడే వద్దు, ఉద్యోగం చేస్తూ రెండేళ్ళ తర్వాత రాసుకోండి, వయసు అడ్డం లేదని చెప్పాగా. ఇంటర్ చదువుతున్న తమ్ముళ్ళు చెల్లెళ్ళు అయితే యూసీడ్ (UCEED) అనే పరీక్ష రాసి బీడెస్‌కి, అంటే డిజైన్ డిగ్రీకి, వెళ్ళొచ్చు, దానికి మాత్రం రెండు అవకాశాలే ఉంటాయి, ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆంధ్రా వైపు కూడా 2015 నుంచి ఒక ఎన్ఐడీ ఉంది, మన పిల్లలు దాన్ని అస్సలు పట్టించుకోరు.

బూట్‌క్యాంప్. దీని గురించి నేను ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే. 2017లో హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో 65 వేలు కట్టి చేరాను, జీడితోట మీద ఆ ఏడు వచ్చిన డబ్బంతా నాన్న నా చేతిలో పెట్టేశాడు. మూడు నెలల కోర్సు, అందులో రెండు నెలలు సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ ఎక్కడుంది అన్నదే, ఆఖరి నెల ప్రాజెక్ట్ అన్నారు, నలభై మందిమీ అదే ఫుడ్ డెలివరీ యాప్ గీశాం, ఒక్కరంటే ఒక్కరం కూడా ఒక హోటల్ ఓనర్‌తో గానీ డెలివరీ అబ్బాయితో గానీ మాట్లాడలేదు. పర్సోనా, అంటే ఆ యాప్ వాడే మనిషి ఎలా ఉంటాడో, ఊహించుకుని రాయమన్నారు, రాశాం. తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తే, ఇంటర్వ్యూ చేసే ఆవిడ నా పోర్ట్‌ఫోలియో తెరిచి, ఇది ఈ వారంలో మూడోసారి చూస్తన్నాను బాబూ అంది. నాకు ఆ రోజు నాన్న మొహమే కళ్ళముందు కనపడింది.

అలాగని అన్ని బూట్‌క్యాంప్‌లూ చెడ్డవని అనను, మంచివి ఉన్నాయి, వాటిలో చదివి నాతో పనిచేస్తున్న వాళ్ళూ ఉన్నారు. చేరేముందు ఇవి అడగండి. ఒక బ్యాచ్‌లో ఎంతమంది, ఒక్కొక్కరి పని మీద టీచర్ వారానికి ఎంతసేపు కూర్చుంటారు. ఆ టీచర్ ఇప్పుడు డిజైనర్‌గా పనిచేస్తన్నారా లేక చెప్పడమే పనా. కిందటి బ్యాచ్ వాళ్ళ పోర్ట్‌ఫోలియోలు పది చూపించమనండి, పదీ ఒకే అచ్చులో ఉంటే అక్కడి నుంచి వచ్చెయ్యండి. పాత స్టూడెంట్లతో మాట్లాడాలంటే ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన నంబర్లు కాకుండా లింక్డిన్‌లో మీరే వెతికి అడగండి. అన్నిటికన్నా ముఖ్యం ఫీజు కాగితాలు: ఈఎంఐ అంటారు, ఉద్యోగం వచ్చాకే కట్టు అంటారు, కానీ చాలాచోట్ల అది మీ పేరు మీద వేరే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే లోన్, మీరు మధ్యలో కోర్సు మానేసినా లోన్ ఆగదు, కిస్తీ తప్పితే మీ సిబిల్ స్కోరు పోతుంది. సంతకం పెట్టేముందు ఆ కాగితం ఇంటికి తెచ్చి ఇంట్లో పెద్దవాళ్ళతో, తెలిసిన బ్యాంకాయనతో చదివించండి. ఈ రోజే కడితే తగ్గింపు అని తొందరపెట్టేవాళ్ళ దగ్గర అసలు కట్టొద్దు.

సొంతంగా ఆన్‌లైన్లో. డబ్బు దాదాపు ఖర్చవదు. స్క్రీన్లు గీసే టూల్ ఫిగ్మా ఉచితంగానే వాడుకోవచ్చు, పెన్‌పాట్ అని పూర్తిగా ఓపెన్ సోర్స్ టూల్ కూడా ఉంది. ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ వాళ్ళ డిజైన్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో గూగుల్ వాళ్ళ యూఎక్స్ సర్టిఫికెట్ 2021లో వచ్చింది, కట్టలేని వాళ్ళు ఫీజు తగ్గించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. సర్టిఫికెట్ చూసి ఉద్యోగం ఇవ్వరు, అది మీరు మొదలుపెట్టారని చెప్పే కాగితం, అంతవరకే. ఈ దారిలో నా రెండు ప్రశ్నల్లో మొదటిదానికి జవాబు ఉండదు, తప్పు చెప్పేవాళ్ళు లేరు, ఇంట్లో కూర్చుని వీడియోలు చూస్తుంటే నేర్చుకుంటున్నట్టే ఉంటుంది, ఏడాది గడిచిపోద్ది, చేతిలో ఏమీ ఉండదు. అందుకని ఒంటరిగా చెయ్యొద్దు. ఇద్దరు ముగ్గురు కలిసి ప్రతి ఆదివారం ఒకరి పని ఒకరు చూసుకోండి. ఏడీపీలిస్ట్ లాంటి మెంటర్లు దొరికే సైట్లలో పనిచేస్తున్న డిజైనర్లు ఉచితంగానే టైమ్ ఇస్తారు, నెలకి ఒక్కరినైనా పట్టుకుని పని చూపించండి.

రెండో ప్రశ్నకి మాత్రం ఈ దారిలో ఊళ్ళో ఉన్నవాళ్ళకే లాభం, ఇది నేను నమ్మి చెప్తన్నా. యూఎక్స్ నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాశాడు, ఐదుగురి చేత వాడించి చూస్తే డిజైన్‌లో ఉన్న ఇబ్బందుల్లో 85 శాతం దాకా బయటపడతాయని, అదీ ఒకేసారి పదిహేను మందిని కూర్చోబెట్టే బదులు ఐదుగురు చొప్పున మూడుసార్లు, మధ్యలో సరిచేసుకుంటూ చెయ్యమని. బెంగళూరులో ఆ ఐదుగురిని పట్టుకోవడానికి కంపెనీలు డబ్బులిచ్చి ఏజెన్సీలు పెట్టుకుంటాయి, మీకు మీ వీధి చివర దొరుకుతారు. కాకపోతే పద్ధతిగా అడగండి, ఫోన్‌లో మీ పని చూపించి ఇది వాడి పెట్టండి పెద్దమ్మా, తప్పులు నావే మీవి కాదు అని ముందే చెప్పండి, సాయం చెయ్యకుండా నోరు మూసుకుని చూడండి, ఆధార్ నంబర్లు బ్యాంకు వివరాలు ఫొటో తియ్యొద్దు.

ముందు ఏదో ఒక ఉద్యోగం. టెస్టింగ్, ఫ్రంటెండ్ (కనపడే స్క్రీన్‌కి కోడ్ రాసే పని), కస్టమర్ సపోర్ట్, ఫ్లెక్సీ డిజైన్ షాప్ అయినా సరే. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి నేను ఇదే చెప్తా. టెస్టింగ్ చేసేవాళ్ళు ప్రతిరోజూ తప్పులే వెతుకుతారు, సపోర్ట్‌లో ఉన్నవాళ్ళు ప్రతిరోజూ జనం తిట్లు వింటారు, ఆ రెండూ డిజైనర్‌కి కావాల్సిన చదువే. నేను విశాఖలో ఒక చిన్న వెబ్‌సైట్ల కంపెనీలో అన్ని పనులూ చేస్తూనే మారాను, ఆ కంపెనీలో డిజైనర్ లేడు, నేనే వెళ్ళి క్లయింట్ షాపులో కూర్చుని వాళ్ళ అకౌంటెంట్ ఎలా వాడుతున్నాడో చూసొచ్చి రాసిచ్చేవాణ్ణి, ఏడాదిన్నర తర్వాత అదే నా ఉద్యోగం అయ్యింది. ఒకటే జాగ్రత్త, చేరిన రోజే లెక్క పెట్టుకోండి, పద్దెనిమిది నెలల్లోపు డిజైన్ పని కొంతైనా చేతికి రాకపోతే కంపెనీ మారాలి, లేకపోతే అక్కడే అలవాటైపోతాం.

ఇప్పుడు గుణుపురం చెల్లికి ఏం చెప్పానో చెప్తా. నాన్నగారికి చిన్న కిరాణా, తమ్ముడు ఇంకా ఇంటర్. టెస్టింగ్ జాబ్‌లో చేరమన్నాను, బూట్‌క్యాంప్ కాగితం మీద కొట్టెయ్యమన్నాను, జాబ్ చేస్తూ ఆన్‌లైన్లో నేర్చుకుని ఒక మంచి కేస్ స్టడీ (ఒక సమస్య మీద చేసిన పనిని మొదటి నుంచి చివరి దాకా చెప్పేది) తయారయ్యాక సీడ్ రాయమన్నాను. అదే ఇంట్లో మూడేళ్ళు ఆగగలిగే పరిస్థితి ఉండి, పిల్లకి పరీక్షలంటే భయం లేకపోతే నేరుగా సీడ్‌కే కూర్చోమనేవాణ్ణి, ఇంకేమీ చూడొద్దనేవాణ్ణి. ఇప్పటికే మూడు నాలుగేళ్ళు వేరే ఉద్యోగం చేసి, చేతిలో కొంత డబ్బు ఉండి, ఆరు నెలల్లో మారాలనుకునే వాళ్ళకి మాత్రం మంచి బూట్‌క్యాంప్ పనికొస్తుంది, వాళ్ళకి పని ఎలా జరుగుతుందో తెలుసు కాబట్టి ఏది అడగాలో కూడా తెలుసు. ఫ్రెషర్లకి అది తెలీదు, మోసపోయేది వాళ్ళే.

డిజైన్‌లో ఏ పని అన్నది ఇంకో ప్రశ్న. ఫ్రెషర్లు ప్రోడక్ట్ డిజైనర్ లేదా యూఐ యూఎక్స్ డిజైనర్ అన్న పేరుతోనే వెతకండి, రీసెర్చర్ అని విడిగా తీసుకునే ఉద్యోగాలు కొత్తవాళ్ళకి తక్కువ. యూఎక్స్ రైటింగ్ గురించి మాత్రం మన సరిహద్దు పిల్లలు గట్టిగా ఆలోచించాలి. బటన్ మీద ఏం రాయాలి, తప్పు పడితే ఏం చెప్పాలి, ఇదే ఆ పని. ఇంగ్లీష్‌లో సబ్మిట్ అంటే ఆరక్షరాలు, తెలుగులో సమర్పించండి అని పెట్టేస్తారు, బటన్ దాటి బయటికి పోతుంది, పైగా మా పిన్నికి ఆ మాట గుళ్ళో కొబ్బరికాయ దగ్గర తప్ప ఇంకెక్కడా వినపడదు, పంపు అంటే అయిపోయేది. ఒత్తులు కింద తెగిపోవడం ఇంకోటి, ఇంగ్లీష్‌కి సరిపోయిన లైన్ ఎత్తు తెలుగుకి సరిపోదు, క్ష్మి, స్త్రీ లాంటివి రాసి చూస్తే తెలిసిపోద్ది. తెలుగూ ఒడియా రెండూ వచ్చి, హిందీ ఇంగ్లీష్ పర్వాలేదనిపించే మనిషి కంపెనీలకి అంత సులువుగా దొరకడు. మనం దాన్ని రెజ్యూమేలో ఆఖరి లైన్‌లో రాస్తాం, పైకి తీసుకురండి.

ఊరు సంగతి తొందరగా చెప్పేస్తా. భువనేశ్వర్‌లో, విశాఖలో పెద్ద సర్వీస్ కంపెనీల క్యాంపస్‌లు ఉన్నాయి, ఇంటికి రైల్లో వచ్చి పోవచ్చు, ఖర్చు తక్కువ, కానీ డిజైన్ టీమ్‌లు అంత పెద్దవి ఉండవు. హైదరాబాద్, బెంగళూరులో సొంత యాప్‌లు తయారుచేసే ప్రోడక్ట్ కంపెనీలు ఎక్కువ, సీనియర్లు ఎక్కువ. మొదటి ఉద్యోగానికి ఊరు కన్నా ఆ టీమ్‌లో మీకంటే సీనియర్ డిజైనర్ ఒక్కరైనా ఉన్నారా అన్నది చూడండి, ఇంటర్వ్యూలోనే నా పని ఎవరు రివ్యూ చేస్తారు అని అడిగెయ్యండి. మొదటి రెండేళ్ళు, బయటి క్లయింట్లకి పని చేసిపెట్టే ఏజెన్సీ అయితే రకరకాల పనులు తగులుతాయి, ప్రోడక్ట్ కంపెనీ అయితే ఒకే పనిని లోతుగా, జనం వాడాక ఏమైందో చూస్తూ చెయ్యొచ్చు. నాకైతే రెండోదే ఇష్టం, ఎందుకంటే చేసినదాని ఫలితం చూడకుండా డిజైన్ నేర్చుకోలేం.

పోర్ట్‌ఫోలియో. రెండు కేస్ స్టడీలు చాలు, మూడు ఉంటే మంచిది, పది వద్దు. పెద్ద పెద్ద యాప్‌లకి రంగులు మార్చి రీడిజైన్ అనొద్దు, ఇంటర్వ్యూ చేసేవాళ్ళకి అవి వందల్లో వస్తాయి. మీ ఊరిది తియ్యండి. సంతలో కూరగాయల అమ్మాయి అప్పు పద్దు ఎలా రాసుకుంటుంది. పర్లాకిమిడిలో కొమ్ముతో దువ్వెనలు, బొమ్మలు చేసే పనివాళ్ళు వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకునేటప్పుడు సైజు ఎలా చెప్పుకుంటారు. జీడి పిక్కలు కొట్టే ఆడవాళ్ళకి జీడి నూనెతో వేళ్ళు కాలి గీతలు అరిగిపోతాయి, వేలిముద్ర పడదు, అప్పుడు వాళ్ళ రేషన్ పని ఎలా జరుగుతుంది, ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి దగ్గర ఉంది, కొడుకు కేరళలో ఉంటే ఆ నంబర్ కేరళలో ఉంది. ఇలాంటి ఒక్క సమస్య తీసుకుని మీరు ఎవరితో మాట్లాడారు, మొదట ఏం అనుకున్నారు, అది ఎక్కడ తప్పయింది, ఏం మార్చారు, మార్చాక ఏమైంది అని వరసగా రాస్తే ఎంత పెద్ద కంపెనీ వాళ్ళైనా ఆగి చదువుతారు. తప్పయిన స్క్రీన్లు దాచొద్దు, మేం వెతికేది అవే.

కొన్ని కొలతలు కూడా చేతికి రావాలి. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5కి 1 ఉండాలని వెబ్ యాక్సెసిబిలిటీ నియమాలు చెప్తాయి, ఏప్రిల్ ఎండలో సంతలో నిలబడి ఫోన్ చూసినవాడికి ఆ అంకె ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో వేలితో నొక్కేది 48 డీపీ (స్క్రీన్ మీద సైజు కొలిచే యూనిట్) కన్నా చిన్నది ఉండకూడదంటారు. సులువుగా వాడుకునేలా డిజైన్ చెయ్యడానికి నీల్సన్ 1994లో ఇచ్చిన పది సూత్రాలు ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో అడుగుతారు, బట్టీ పట్టకుండా ఒక్కోదానికి మీరు చూసిన ఉదాహరణ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఏఐతో స్క్రీన్లు వచ్చేస్తున్నాయి కదా అన్నయ్యా ఇంక మాకు పని ఉంటుందా అని అందరూ అడుగుతున్నారు. స్క్రీన్ గియ్యడం మాత్రమే వచ్చినవాళ్ళకి కష్టమే, అందుకే ఇంతసేపూ మనుషుల గురించి మాట్లాడా.

ఇంటర్వ్యూ టాస్క్ అని ఇంటికి పని ఇస్తారు, రెండు మూడు రోజులు పట్టేదైతే చెయ్యండి, రెండు వారాల పని, అదీ వాళ్ళ సొంత యాప్ మొత్తం మార్చమంటే ఎంత టైమ్ పెట్టాలి, ఇది మీరు వాడుకుంటారా అని మర్యాదగా రాసి అడగండి. ఇంటర్న్‌షిప్ ఇస్తాం, డిపాజిట్ కట్టు అంటే అది ఇంటర్న్‌షిప్ కాదు, ఫోన్ పెట్టెయ్యండి. ఇంగ్లీష్ గురించి చాలామంది సిగ్గుపడతారు, మన యాస వినిపిస్తాదని. మీ కేస్ స్టడీ మాత్రం ఇంగ్లీష్‌లో ఇరవై సార్లు గట్టిగా చెప్పుకుని వెళ్ళండి, మిగతాది పనిలో వచ్చేస్తుంది, నాకూ అలాగే వచ్చింది.

లాప్‌టాప్ కోసం అప్పు చెయ్యొద్దు. ఫిగ్మా బ్రౌజర్‌లోనే నడుస్తుంది, 8 జీబీ ర్యామ్ ఉన్న సెకండ్ హ్యాండ్‌దైనా సరిపోతుంది, మ్యాక్‌బుక్ ఉంటేనే డిజైనర్ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఇంటర్నెట్ సరిగ్గా లేని ఊరైతే మొదటి నెల అంతా కాగితం మీదే గీసి, ఆ కాగితాలనే మీ పిన్నికో పెద్దమ్మకో ఇచ్చి ఎక్కడ నొక్కుతావు అని అడగండి, వేలు ఎక్కడ పెట్టారో పక్కన పెన్నుతో రాసుకోండి. ఆ కాగితాలు ఫొటో తీసి దాచండి, మొదటి కేస్ స్టడీకి అవే కావాలి.